పసుపు బస్సుకి వంద డాలర్ల జరిమానా



పోయిన వారం ఫూలే 'గులాంగిరి' గురించి మాట్లాడుకున్నాం. 1873లో ఆయన ఆ పుస్తకాన్ని అమెరికాలో బానిసత్వం రద్దు చేసినవాళ్ళకి అంకితం ఇచ్చిన సంగతి చెప్పాను. ఈ వారం ఆ అమెరికాకే వెళ్దాం. బానిసత్వం రద్దయి దాదాపు వందేళ్ళు గడిచాక, అక్కడ ఒక పత్తికూలి మనిషి ఓటరుగా పేరు రాయించుకోడానికి వెళ్తే ఏం జరిగిందో చూద్దాం.

ముందు ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానో చెప్పాలి. ఏప్రిల్‌లో ఒక బాలికల హాస్టల్లో జయంతి సభకి పిలిచారు. అంశం 'ప్రపంచ రాజకీయాలను మలిచిన మహిళలు'. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు కదా, గోడకి ఒక చార్టు కూడా అంటించారు. ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని సిరిమావో బండారనాయకే, 1960. మహిళలకు ఓటు ఇచ్చిన తొలి దేశం న్యూజిలాండ్, 1893. ఇలా కిందిదాకా. నేను మాట్లాడటం అయిపోయాక డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి లేచి, "మేడమ్, వీళ్ళంతా ప్రధానులూ అధ్యక్షులూనే కదా. కూలికి పోయే ఆవిడ ఒక్కరూ లేరా ఇందులో?" అని అడిగింది. ఉన్నారమ్మా, రాస్తాను అని చెప్పి వచ్చేశాను. ఆ బాకీ ఇవాళ తీరుస్తున్నా.

ఆవిడ పేరు ఫానీ లూ హేమర్.

1917 అక్టోబర్ 6న మిసిసిపి రాష్ట్రంలో పుట్టింది. తల్లిదండ్రులకు ఇరవయ్యో సంతానం, ఆఖరి పిల్ల. తనకు రెండేళ్ళప్పుడు కుటుంబం సన్‌ఫ్లవర్ కౌంటీకి తరలిపోయింది. పేరు పొద్దుతిరుగుడు పువ్వుది, పంట మాత్రం పత్తి. భూమి తెల్ల ఆసామిది, కష్టం నల్ల కుటుంబాలది. సగం పాలుకు సేద్యం. విత్తనం, ఎరువు, తిండిగింజలు అన్నీ ఆసామి కొట్లోనే అప్పు. ఏడాది చివర లెక్క చూసేదీ ఆసామే. ఆ లెక్కలో నల్ల కుటుంబానికి మిగిలేది దాదాపు ఎప్పుడూ అప్పే. దీన్ని పనిగట్టుకుని మన పాలేరు వ్యవస్థతో పోల్చి చూపించక్కర్లేదు, చదువుతుంటేనే మీకు మీ తాత కనపడతాడు.

ఆరేళ్ళ పిల్లగా ఆమె దారి పక్కన ఆడుకుంటుంటే ఆసామి వచ్చి, పత్తి తీయగలవా అని అడిగాడట. వారంలో ముప్పై పౌన్లు తీస్తే తన కొట్లోంచి తినుబండారాలు ఇస్తానన్నాడు. ఆమె తీసింది. తర్వాతి వారం అరవై పౌన్లు తీయాల్సొచ్చింది. అక్కణ్ణుంచి ఇక ఆ పత్తిచేను ఆమెను వదల్లేదు. తను ఎలా వలలో పడిందో పెద్దయ్యాక ఆమే చాలా సభల్లో చెప్పుకుంది. పదమూడేళ్ళకి రోజుకి రెండు మూడు వందల పౌన్లు తీసేది. చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు కొంచెం కుంటు. ఆ నల్ల పిల్లల బడి కూడా చేలో పని లేని నాలుగు నెలలే నడిచేది, పన్నెండేళ్ళకి అదీ ఆగిపోయింది.

ఒక ఏడాది వాళ్ళ నాన్న ఎలాగో కూడబెట్టి కంచర గాడిదలు, బండి, సేద్యం సామాను కొనుక్కున్నాడు. సొంతంగా కౌలుకి చేసుకుందామని. ఒక రాత్రి ఎవరో వచ్చి పశువుల దాణాలో విషం కలిపారు. పశువులన్నీ చచ్చాయి, కుటుంబం మళ్ళీ పాలు సేద్యానికే వచ్చింది. నల్లవాడు కాస్త నిలదొక్కుకుంటే ఓర్వలేక తెల్లవాళ్ళు చేసిన పని అని ఆమె చివరిదాకా చెప్పింది.

మా అమ్మ గుంటూరు వైపు పత్తి తీతకు పోయింది చాలా ఏళ్ళు. కాయ మొనలు గుచ్చుకుని గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయి ఉండేది. అన్నం కలిపితే కారం తగిలి మంటపుడుతుందని ఒక్కోరోజు మజ్జిగన్నమే తినేది. సాయంత్రం కాటా దగ్గర 'తేమ ఉంది' అని కిలోకి ఇంత చొప్పున కోత. తేమ ఎంతుందో చెప్పేది ఆసామే, కాటా పట్టేదీ ఆసామే. అందుకే హేమర్ జీవితంలో నన్ను మొదట పట్టేసింది ఓటు కథ కాదు, కాటా కథ. ఆమె కాస్త చదవడం రాయడం వచ్చిన మనిషి కాబట్టి పెద్దయ్యాక మార్లో అనే ఆసామి దగ్గర లెక్కలు రాసే పని ఇచ్చారు. ఎవరు ఎన్ని గంటలు చేశారు, ఎంత పత్తి తీశారు అన్నది రాయాలి. ఆసామి కాటా గుండులో మోసం ఉంది. ఆయన కళ్ళెదుట లేనప్పుడు ఆమె తన దగ్గర దాచుకున్న సరైన గుండు తగిలించి తూచేది. ఆయన వస్తుంటే మళ్ళీ పాతది పెట్టేసేది. పార్టీ లేదు, సంఘం లేదు, ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఉద్యమం ఆమె ఊరికి రాకముందే ఈ పని చేస్తోంది. 'అట్టడుగు జనానికి చైతన్యం తెచ్చాం' అని మనం మైకుల్లో అంటుంటాం చూడండి, అలా అనేముందు ఆ గుండుని ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది.

1961లో ఆమె కడుపులో కణితి తీయించుకోడానికి స్థానిక ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు ఆమెను అడక్కుండా, చెప్పకుండా గర్భసంచి తీసేశాడు. తనకేం చేశారో ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు, ఆసామి ఇంటి చుట్టూ తిరిగిన మాటల ద్వారా తెలిసింది. నల్ల ఆడవాళ్ళకి ఇలాంటి ఆపరేషన్లు అక్కడ ఎంత మామూలంటే, వాటికి 'మిసిసిపి అపెండిక్స్ ఆపరేషన్' అని వెటకారపు పేరే పెట్టుకున్నారు. ఆమెకూ భర్త పాప్ హేమర్‌కూ పిల్లల్లేరు. ఆడపిల్లల్ని తెచ్చి పెంచుకున్నారు.

ఇప్పుడు 1962 ఆగస్టుకి వద్దాం.

రూల్‌విల్ అనే చిన్న ఊళ్ళో విలియమ్స్ చాపెల్ అనే చర్చిలో సాయంత్రం మీటింగ్. విద్యార్థి అహింసా సమన్వయ సంఘం కుర్రాళ్ళు వచ్చారు. మీ వయసువాళ్ళే, ఇరవై, ఇరవై రెండు. నల్లవాళ్ళకి ఓటు హక్కు ఉందని వాళ్ళు చెప్పారు. హేమర్‌కి అప్పుడు నలభై నాలుగేళ్ళు. అప్పటిదాకా తమలాంటివాళ్ళు ఓటరుగా నమోదు కావచ్చన్న సంగతే తనకు తెలియదని ఆమె తర్వాత చెప్పింది. అమెరికా రాజ్యాంగం 15వ సవరణ 1870లో వచ్చింది. ఆడవాళ్ళకి ఓటు ఇచ్చిన 19వ సవరణ 1920లో వచ్చింది. కాగితం మీద హక్కుకి తొంభై ఏళ్ళు, అది ఆ మనిషి చెవిన పడింది ఆ సాయంత్రం. రేపు కోర్టుకి వచ్చి పేరు రాయించుకునేది ఎవరు అంటే ఆమె చెయ్యెత్తింది. అందరికంటే పైకి ఎత్తాను అని తర్వాత నవ్వుతూ చెప్పేది.

ఆగస్టు 31. పద్దెనిమిది మంది. కౌంటీ కేంద్రం ఇండియనోలా ఇరవై ఆరు మైళ్ళ దూరం. ఇండియనోలా మామూలు ఊరు కాదు. బళ్ళలో నల్లా తెల్లా పిల్లల్ని విడదీయడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన రెండు నెలల్లోపే, దాన్ని అడ్డుకోడానికి తెల్లవాళ్ళ పౌర మండలి పుట్టిన చోటు అది. ఆ కౌంటీలోనే సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లాండ్‌కి వేల ఎకరాల పత్తి ఎస్టేటు. ఆయనేమో వాషింగ్టన్‌లో సెనేట్ న్యాయవ్యవహారాల కమిటీ ఛైర్మన్. పౌరహక్కుల బిల్లులన్నీ ఆయన బల్ల మీదుగా పోవాలి.

నమోదు ఎలా చేసేవారో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే దుర్మార్గం ఎప్పుడూ ఫారాల్లోనే ఉంటుంది. 'నల్లవాళ్ళకి ఓటు లేదు' అని మిసిసిపి చట్టంలో ఎక్కడా ఉండదు. 1890లో వాళ్ళు కొత్త రాష్ట్ర రాజ్యాంగం రాసుకున్నారు. అందులో ఓటు పన్ను పెట్టారు, ఏడాదికి రెండు డాలర్లు. చదువు పరీక్ష పెట్టారు. రాష్ట్ర రాజ్యాంగంలో 285 సెక్షన్లు. గుమాస్తా తనకిష్టమైన సెక్షన్ తీసి ముందు పెడతాడు. దాన్ని ఎక్కించి రాయాలి, ఆపైన అర్థం వివరించాలి. వివరణ సరైనదో కాదో తేల్చేది ఆ గుమాస్తానే. తెల్లవాడికి ఒక లైను సెక్షన్, నల్లవాడికి లాయర్లే తల గోక్కునే సెక్షన్. ఫారంలో ఇంకో గడి ఉంది, మీరు ఎవరి దగ్గర పని చేస్తున్నారు అని. చూడ్డానికి అమాయకమైన ప్రశ్న. అది నింపి ఇంటికి చేరేలోపు ఆసామికి కబురు చేరిపోతుంది. చాలదన్నట్టు 1962లో ఇంకో చట్టం తెచ్చారు. దరఖాస్తు పెట్టినవాళ్ళ పేర్లు రెండు వారాలు స్థానిక పత్రికలో అచ్చు వేయాలి. ఎవరి ఇంటి మీద పడాలో వెతుక్కునే పని లేకుండా.

ఆ రోజు పద్దెనిమిది మందిలో ఇద్దర్నే పరీక్ష రాయనిచ్చారు. హేమర్‌కి ఇచ్చింది 16వ సెక్షన్. జరిగిపోయిన పనికి వెనక్కి వర్తించేలా చట్టాలు చేయకూడదని చెప్పే సెక్షన్. లాటిన్ మాటలు. ఎక్కించి రాసింది కానీ వివరించలేకపోయింది. క్రిస్మస్ పండగ గురించి గుర్రానికి ఎంత తెలుసో ఆ చట్టం గురించి నాకూ అంతే తెలుసు అని చెప్పి సభల్లో నవ్వించేది.

తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సు ఆపారు. నేరం ఏంటంటే, బస్సు రంగు మరీ పసుపుగా ఉందట. స్కూలు బస్సు అనుకునే ప్రమాదం ఉందట. అదే బస్సు కూలీలను పత్తిచేలకు తోలినన్నాళ్ళూ ఆ పసుపు ఎవరి కంటికీ ఆనలేదు. జరిమానా వంద డాలర్లు. బేరమాడితే ముప్పైకి దిగారు. జేబుల్లో ఉన్నవి పోగుచేసి కట్టారు. డ్రైవర్ని పట్టుకెళ్ళినప్పుడు బస్సులో అందరూ బిక్కచచ్చిపోయి కూర్చుంటే వెనక సీటు నుంచి ఒక గొంతు చర్చి పాట ఎత్తుకుంది. అదే హేమర్ గొంతు. ఆ తర్వాత పదిహేనేళ్ళు ఆ గొంతు ఆగలేదు.

ఇల్లు చేరేసరికి ఆసామి కోపంగా ఎదురుచూస్తున్నాడని పిల్లలు చెప్పారు. మార్లో వచ్చి దరఖాస్తు వెనక్కి తీసుకో, లేకపోతే చేను వదిలిపో అన్నాడు. పద్దెనిమిదేళ్ళు ఆయన దగ్గర పనిచేసిన మనిషి. నేను మీ కోసం పేరు రాయించుకోడానికి వెళ్ళలేదండీ, నా కోసం వెళ్ళాను అని ఆమె జవాబు. ఆ రాత్రే వెళ్ళిపోవాల్సొచ్చింది. పంట చేతికొచ్చేదాకా పాప్‌ని మాత్రం కదలనివ్వలేదు. పది రోజుల తర్వాత, సెప్టెంబర్ 10న, ఆమె తలదాచుకున్న ఇంటి మీద పదహారు తూటాలు పేల్చారు. అదే రాత్రి ఆ ఊళ్ళో ఇద్దరు అమ్మాయిలకి తూటాలు తగిలాయి.

రాత్రికి రాత్రి ఊరు విడవడం మనకి కొత్త సంగతి కాదు. 1985 జూలైలో మంచినీళ్ళ చెరువు దగ్గర తనను కొట్టబోయినవాళ్ళ మీదకు మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద దాడి. ప్రాణాలు దక్కినవాళ్ళు చీరాల చేరి, తిరిగి ఆ ఊరికి పోమన్నారు. ఆ నిర్ణయంలో ఆడవాళ్ళ మాట ఎంతుందో మన సభల్లో ఇప్పటికీ తక్కువే చెప్తాం. చెరువు దగ్గర సువార్త ఎత్తింది బిందె. మన పోస్టర్ల మీద ఎక్కువ కనపడేది మగవాళ్ళ పిడికిళ్ళు.

హేమర్ డిసెంబర్‌లో మళ్ళీ పరీక్షకు వెళ్ళింది. ఇప్పుడు నా ఉద్యోగం పీకడానికీ ఏం లేదు, ఇల్లు ఖాళీ చేయించడానికీ ఏం లేదు, పాసయ్యేదాకా ముప్పై రోజులకోసారి వస్తూనే ఉంటాను అని గుమాస్తాతో చెప్పింది. 1963 జనవరిలో పాసయినట్టు తెలిసింది. ఓటు వేయడానికి వెళ్తే, రెండేళ్ళ ఓటు పన్ను రసీదులు చూపించమన్నారు!

ఆ ఏడాది జూన్ 9 గురించి రాయడం నాకు కష్టం. క్లాసులో చెప్పినా సగంలో ఆగిపోతాను. దక్షిణ కరోలినాలో ఓటరు శిక్షణ తరగతులకు వెళ్ళి బస్సులో తిరిగి వస్తున్నారు. వినోనా అనే ఊళ్ళో బస్‌స్టాండు హోటల్లో కొందరు కూర్చోబోయారు. పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. వాళ్ళలో జూన్ జాన్సన్ అనే పదిహేనేళ్ళ పిల్ల కూడా ఉంది. ఆ పిల్లనీ కొట్టారు. అన్నెల్ పాండర్ అనే ఆవిడని కొడుతుంటే ఆ దెబ్బల చప్పుడు, 'అయ్యా' అని అనమని పోలీసులు అరవడం హేమర్‌కి పక్క గదిలోకి వినపడుతూనే ఉంది. తర్వాత ఈమె వంతు. పోలీసులు తమ చేతులకి పని చెప్పలేదు. జైల్లో ఉన్న ఇద్దరు నల్ల ఖైదీల చేతికి తోలు లాఠీ ఇచ్చి, ఒకరు అలిసిపోయాక ఇంకొకరితో కొట్టించారు. మూత్రపిండం దెబ్బతింది, ఒక కంటి చూపు మందగించింది, కుంటు ఎక్కువైంది. చనిపోయేదాకా అవి ఆమెతోనే ఉన్నాయి. ఆమె ఆ జైల్లో ఉండగానే జాక్సన్‌లో మెడ్గర్ ఎవర్స్‌ని ఇంటి ముందే కాల్చి చంపారు. డిసెంబర్‌లో పోలీసుల మీద విచారణ జరిగితే, జ్యూరీలో అందరూ తెల్లవాళ్ళే, అందర్నీ వదిలేశారు. ఈ ఆఖరి వాక్యం చుండూరు తీర్పు చదివినవాళ్ళకి వివరించనక్కర్లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం ఆ తర్వాతి ఏడాది. దెబ్బలు తిన్న కథ అందరూ చెప్తారు. అందులో కరుణ ఉంటుంది కాబట్టి మనల్ని పొగిడేవాళ్ళకి కూడా హాయిగా ఉంటుంది. 1964 ఆగస్టులో జరిగింది మాత్రం రాజకీయం.

అమెరికాలో పార్టీ అధ్యక్ష అభ్యర్థిని జాతీయ మహాసభ ఎంపిక చేస్తుంది. ఒక్కో రాష్ట్రం నుంచి ప్రతినిధులు వెళ్తారు. మిసిసిపి డెమొక్రాటిక్ పార్టీ ప్రతినిధులు అందరూ తెల్లవాళ్ళే. కింది స్థాయి మీటింగులకి నల్లవాళ్ళు వెళ్తే తలుపులు తాళాలు వేసి ఉండేవి. దాంతో 1964 ఏప్రిల్‌లో మిసిసిపి ఫ్రీడమ్ డెమొక్రాటిక్ పార్టీ అని సొంత పార్టీ పెట్టుకున్నారు. ఎవరైనా చేరొచ్చు, నల్లైనా తెల్లైనా. ఊరూరా మీటింగులు పెట్టి అరవై మందికి పైగా ప్రతినిధుల్ని ఎన్నుకున్నారు. కూలీలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, చిన్న రైతులు. బస్సులెక్కి అట్లాంటిక్ సిటీ చేరి, అసలు ప్రతినిధులం మేమే, ఆ కుర్చీలు మావి అన్నారు.

ఆగస్టు 22న అర్హతల కమిటీ ముందు హేమర్ సాక్ష్యం. చేతిలో కాగితం లేదు. ఇండియనోలా బస్సు, మార్లో, తూటాలు, వినోనా జైలు, అన్నీ తన భాషలోనే చెప్పింది. ఆ భాష వ్యాకరణం పుస్తకాలది కాదు, పత్తిచేనుది. టీవీల్లో ప్రత్యక్ష ప్రసారం. శ్వేతసౌధంలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కి కంగారు పుట్టింది. దక్షిణాది తెల్ల ఓట్లు పోతాయేమోనని భయం. అప్పటికప్పుడు పత్రికల వాళ్ళని పిలిచాడు. ఏదో పెద్ద ప్రకటన ఉంటుందని టీవీలు అటు తిప్పాయి. ఆయన చెప్పింది కెనెడీ హత్య జరిగి ఆ రోజుకి తొమ్మిది నెలలని! ఈమె మాటను కోసేయడానికి అంతకంటే మంచి కారణం దొరకలేదు. కానీ ఆ సాయంత్రం టీవీలన్నీ ఆమె సాక్ష్యాన్ని మళ్ళీ వేశాయి. పగలు పనుల్లో ఉండి చూడనివాళ్ళు కూడా రాత్రి చూశారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఇక్కడో సంతోషం ఉంది. దేశాధ్యక్షుణ్ణి హడలగొట్టింది 'మంచి' భాష కాదు.

తర్వాత బేరం మొదలైంది. జాన్సన్ వైపు నుంచి వచ్చిన ప్రతిపాదన ఇది: మీకు రెండు సీట్లు ఇస్తాం, ఏ రాష్ట్రానికీ చెందని సీట్లు. మిగతావాళ్ళు అతిథులుగా కూర్చోవచ్చు. ఆ ఇద్దరు ఎవరో కూడా మేమే చెప్తాం: ఫార్మసిస్టు ఆరన్ హెన్రీ, తెల్ల పాస్టర్ ఎడ్ కింగ్. ఇద్దరూ మంచివాళ్ళే, పోరాడినవాళ్ళే. సమస్య వాళ్ళు కాదు. ఆ చదువురాని ఆడమనిషిని సభలో మాట్లాడనివ్వడం అధ్యక్షుడికి ఇష్టం లేదని హంఫ్రీ అన్నట్టు, ఆ చర్చల్లో ఉన్న ఎడ్ కింగే తర్వాత గుర్తుచేసుకున్నాడు. హ్యూబర్ట్ హంఫ్రీ మామూలుగా పౌరహక్కుల మిత్రుడు. కానీ ఈ గొడవ సర్దుబాటు చేస్తేనే ఉపాధ్యక్ష పదవి. మీ పదవి మా జనం ప్రాణాలకంటే ముఖ్యమా అని హేమర్ ఆయన్ని మొహం మీదే అడిగింది. మీకోసం ప్రార్థన చేస్తానని కూడా చెప్పింది. తర్వాతి చర్చలకు ఆమెను పిలవలేదు.

ఒప్పుకోమని చెప్పినవాళ్ళలో మన గౌరవం పొందిన పేర్లున్నాయి. బేయార్డ్ రస్టిన్ ఉన్నాడు. మార్టిన్ లూథర్ కింగ్ మొగ్గు కూడా అటే. రాజకీయం అంటే సర్దుబాటు, ఇది మొదటి మెట్టు, ఇంత దూరం రావడమే గెలుపు. ఈ మాటలు మనం ఎన్నిసార్లు వినలేదు! మిసిసిపి నుంచి వచ్చినవాళ్ళు మాత్రం గదిలో కూర్చుని వాదించుకుని ఓటు వేసి తిప్పికొట్టారు. రెండు సీట్ల కోసం ఇంత దూరం రాలేదు అని హేమర్ తేల్చేసింది. అందరం అలిసిపోయి ఉన్నాం, రెండు సీట్లలో అందరం ఎలా కూర్చుంటాం అన్నది ఆమె లెక్క. అలిగి వెళ్ళిపోయిన తెల్ల ప్రతినిధుల కుర్చీల్లో, అరువు తెచ్చుకున్న పాసులతో వెళ్ళి కూర్చున్నారు. మర్నాడు వచ్చేసరికి ఆ ఖాళీ కుర్చీలే తీసేశారు. నిలబడి పాటలు పాడారు.

ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నేను ఎరవాడ జైలు దగ్గర ఆగుతాను. 1932 సెప్టెంబర్ 24, పూనా ఒప్పందం. అక్కడా ప్రశ్న సీట్ల సంఖ్య మాత్రమే కాదు. సంఖ్య చూస్తే కమ్యూనల్ అవార్డు కంటే సీట్లు పెరిగాయి. పోయింది, మన ప్రతినిధిని మనమే ఎన్నుకునే హక్కు. సీటు మనది, మనిషి మనవాడు, ఎంపిక మాత్రం వాళ్ళది. ఈ మెలికనే బాబాసాహెబ్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి వివరిస్తూ వచ్చారు. అట్లాంటిక్ సిటీలో ఆ 'మేమే చెప్తాం' అన్న చిన్న షరతులో ఉన్నదీ అదే మెలిక. రెండూ ఒకటే అనను. బాబాసాహెబ్ మీద ఒక ప్రాణం బరువు పెట్టారు, ఊళ్ళల్లో మన పల్లెలు తగలబడతాయన్న భయం పెట్టారు. హేమర్ వాళ్ళకి నిరాకరించి ఇంటికి వెళ్ళే వీలైనా ఉంది. కాబట్టి ఆమె ధైర్యాన్ని తెచ్చి ఆయన సంతకం మీద తీర్పు చెప్పే పని దయచేసి చేయకండి. కానీ ఇవాళ మన సంఘాలకి ఎవరైనా రెండు నామినేటెడ్ పోస్టులు చూపించినప్పుడు, ఎన్ని అని అడిగే ముందు, పేర్లు ఎవరు రాస్తారు అని అడగడం నేర్చుకోవాలి కదా. మన సంఘాలు తమ కమిటీల్లో ఆడవాళ్ళకి 'రెండు' ఇచ్చేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వర్తిస్తుంది. రాష్ట్ర కమిటీల్లో నన్ను రెండుసార్లు వేశారు. రెండుసార్లూ నా పేరు ఫ్లెక్సీ మీద చూసే నాకు తెలిసింది.

తర్వాతది కాస్త వేగంగా చెప్తాను. 1965లో హేమర్, అనీ డివైన్, విక్టోరియా గ్రే ముగ్గురూ కలిసి, నల్ల ఓటర్లని బయట ఉంచి జరిపిన మిసిసిపి ఎన్నిక చెల్లదని ప్రతినిధుల సభలో సవాలు చేశారు. సెప్టెంబర్‌లో 228-143 ఓట్లతో ఓడిపోయారు. కానీ ఈలోపు ఆగస్టు 6న ఓటింగ్ హక్కుల చట్టం వచ్చింది. చదువు పరీక్షలు పోయాయి, కేంద్రం నుంచి నమోదు అధికారులు దిగారు. చట్టానికి ముందు మిసిసిపిలో నల్ల ఓటర్ల నమోదు 6.7 శాతం, 1967 నాటికి దాదాపు 60 శాతం. 1968 చికాగో మహాసభలో హేమర్ ప్రతినిధిగా తన కుర్చీలో కూర్చోడానికి వస్తే సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

అంతటితో కథ సుఖాంతం చేసి ఆపేయొచ్చు, చాలామంది అలాగే ఆపుతారు. కానీ ఆమె కోర్టుకెళ్ళి రద్దు చేయించిన స్థానిక ఎన్నికలు 1967లో మళ్ళీ జరిగితే నల్ల అభ్యర్థులు అందరూ ఓడిపోయారు. 1971లో రాష్ట్ర సెనేట్‌కి పోటీ చేసి ఆమే ఓడిపోయింది. ఆసామి పొలంలో బతికే మనిషికి ఓటు వచ్చినా ఆసామి మొహం చూడకుండా వేయడం కష్టం. ఆ సంగతి ఆమెకి అందరికంటే బాగా తెలుసు. అందుకే 1969లో నలభై ఎకరాలు కొని ఫ్రీడమ్ ఫార్మ్ అని సహకార వ్యవసాయం మొదలుపెట్టింది. అది ఆరువందల ఎకరాలు దాటింది. మొదట యాభై పందులతో 'పందుల బ్యాంకు' పెట్టారు. ఒక కుటుంబానికి ఒక ఆడపందిని ఇస్తారు. అది ఈనాక రెండు పిల్లల్ని బ్యాంకుకి తిరిగివ్వాలి, మిగతావి ఇంటివాళ్ళవి. వడ్డీ లేదు, చిట్టా లేదు, ఆసామి కొట్టు లేదు. ఆ ఏడాది తిండికి లోటులేని ఇల్లు ఓటుకి ధైర్యంగా పోతుంది. వరదలు, కరువు, డబ్బు ఇబ్బంది కలిసి ఆ వ్యవసాయం డెబ్భైల మధ్యకొచ్చేసరికి నిలబడలేకపోయింది.

ఆమెతో నాకు పేచీలు కూడా ఉన్నాయి. గర్భస్రావాన్ని, గర్భనిరోధాన్ని ఆమె నల్లజాతిని తుడిచిపెట్టే కుట్రగా చూసింది. ఆడదాని దేహం మీద నిర్ణయం ఆడదానిదే అని నమ్మే నాకు అది మింగుడుపడదు. కానీ అడక్కుండా గర్భసంచి కోసేసిన మనిషి నోటి నుంచి ఆ మాట వస్తున్నప్పుడు, ఊరికే 'వెనకబాటు' అని తీసిపారేయలేను. 1971లో జాతీయ మహిళా రాజకీయ వేదిక వ్యవస్థాపకుల్లో ఆమె ఒకరు. తెల్ల స్త్రీవాదులతో కలిసి కూర్చుంటూనే, మా ఆడవాళ్ళం మా మగవాళ్ళని వదిలేసి రాలేం, వాళ్ళూ మాతోపాటే తన్నులు తిన్నారు అని వాదించేది. మన దగ్గర ఈ వాదన తొంభైలలో జరిగింది, ఇంకా జరుగుతూనే ఉంది. దాని మీద వేరేగా రాస్తాను.

1977 మార్చి 14న చనిపోయింది. అరవై ఏళ్ళు కూడా నిండలేదు. క్యాన్సర్, పాత దెబ్బలు, చేతిలో పైసా లేదు. అంత్యక్రియలకి ఐక్యరాజ్య సమితిలో అమెరికా రాయబారి ఆండ్రూ యంగ్ వచ్చి మాట్లాడాడు. రూల్‌విల్‌లో ఆమె సమాధి మీద ఆమె మాటే చెక్కారు. విసిగి వేసారిపోయి ఉండటంతోనే నేను విసిగి వేసారిపోయాను అని. 2025 జనవరిలో దేశ అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చారు, పోయిన నలభై ఎనిమిదేళ్ళకి.

ఈ వ్యాసం రాయడానికి ముందు మా అమ్మకి ఫోన్ చేసి హేమర్ కథ మొత్తం చెప్పాను. ఓటు సంగతి విని 'ఊ' కొట్టింది. మా నాయనమ్మ రోజుల్లో మన ఓట్లు మనం వెళ్ళేలోపే పడిపోయేవంట, అంది. జైలు దగ్గర ఏమీ అనలేదు. కాటా గుండు మార్చిన సంగతికి మాత్రం ఒక్కసారిగా గట్టిగా నవ్వింది. "ఆవిడ గుండు ఎక్కడ దాచుకునేదో కనుక్కున్నావా? ఒళ్ళో పెట్టుకుంటే బరువుకి చీర జారద్దే" అంది. వాళ్ళు చీర కట్టరమ్మా అన్నాను. "అయితే మరీ కష్టం" అంది.

వచ్చే ఆదివారం దాక్షాయణి వేలాయుధన్. రాజ్యాంగ సభలో కూర్చున్న ఒకే ఒక్క దళిత మహిళ. హాస్టల్ అమ్మాయిలూ, ఆ చార్టులో కాస్త జాగా ఉంచండి.